రసాయన విశ్లేషణము: కాంతి మార్గమా, విద్యున్మార్గమా?

కనిగిరి ప్రాంతపు పల్లె నుండి ఒక పెద్దమనిషి ఒకనాటి ఉదయము రెండు సీసాల నీటితో మా పరీక్షాశాలకు వచ్చిరి. సీసాలను బల్లపై నుంచి, "అయ్యా, ఈ నీళ్లు తాగొచ్చా, తాగగూడదా? ఆ ఒక్క మాట చెప్పండి" అని అడిగిరి. ఆయన అట్లడుగుటకు కారణమును ఆయన దేహమే చెప్పుచుండెను. ప్రక్కనుండి ఎవరైన పిలిచినచో మెడ త్రిప్పలేక, మనిషి మొత్తముగా తిరుగవలసి వచ్చుచుండెను.

ఆ ఒక్క మాట చెప్పుటకు మాకు రెండు త్రోవలు కలవు. ఒకటి, నీటి గుండ కాంతిని పంపి చూచుట. రెండవది, నీటిలో ఎలక్ట్రోడును ముంచి విద్యుత్పీడనమును కొలుచుట. మొదటి తెగను వర్ణపట పద్ధతులనియు, రెండవ తెగను విద్యుద్రసాయన పద్ధతులనియు రసాయన శాస్త్రజ్ఞులు పిలుతురు. వీనిలో ఏది మేలైనదని విద్యార్థులు మమ్ము తరచుగా అడుగుచుందురు. ఆ రోజు వరకు మేమును ఏదో ఒక జవాబు చెప్పుచునే ఉంటిమి. ఆ రెండు సీసాలు మాకు నేర్పిన పాఠమునే ఈనాడు శ్రోతలకు విన్నవించుకొనుచున్నాము.

ఆ నీటిలో మేము వెదకవలసినది ఫ్లోరైడు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అను పరిశోధకులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించి, అచ్చటి జనుల పండ్లపై గోధుమరంగు మచ్చలు పడుటకును, వెన్నెముకయు కీళ్లును బిగిసిపోవుటకును త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని ప్రకటించిరి. మన దేశములో ఈ వ్యాధి మనుష్యులకు సోకిన తీరును వివరించిన తొలి నివేదికలలో అది ముఖ్యమైనది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశము అని పేరు వచ్చెను. నల్గొండ సంగతి శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. నల్లరాతి నేలలలో, గ్రానైటు పొరలలో ఉండు ఖనిజముల నుండి ఫ్లోరైడు మెల్లగా నీటిలోనికి దిగును. నీటిలో కాల్షియము సమృద్ధిగా ఉన్నచో అది ఫ్లోరైడును అడుగునకు దింపివేయును. కాల్షియము తక్కువై, క్షారగుణము ఎక్కువైన నీటిలో ఫ్లోరైడు నిలిచిపోవును. రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. కడవలోని నీరు తేటగానే ఉండును.

త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు వరకు అంగీకరింపవచ్చునని మన భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చునట. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి హద్దు కూడ 1.5 మాత్రమే. అనగా మేము పది లక్షల పాళ్లలో ఒక పాలును, ఒకటిన్నర పాలును వేరుచేసి చెప్పవలెను. ఆ అర పాలు తేడాలోనే పసిపిల్లల పండ్లు, పెద్దల ఎముకలు ఉన్నవి.

కాంతి మార్గమునకు మన తెలుగునేలతో ఒక సంబంధము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరులో తన వర్ణపటదర్శినిని నిలిపెను. సూర్యుని అంచున లేచు జ్వాలలలో ఆయనకు ప్రకాశవంతమైన రేఖలు కనబడెను. గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని మరునాడే గుంటూరులోనే నిరూపించెను. ఆ సంవత్సరమే అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ ఆ జ్వాలలలోని పసుపు రేఖను పరిశీలించెను. అది సోడియము రేఖ కాదని తేలెను. దానికి కారణమైన క్రొత్త మూలకమునకు హీలియమని పేరు వచ్చెను. భూమిపై ఎవరును చూడని పదార్థమును కాంతి ముందుగా చూపినది. ఈ గుణమును శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరెదము: వర్ణపటము మనము వెదకని దానిని కూడ చూపగలదు.

ఫ్లోరైడు కథయు అట్లే మొదలైనది. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రమున బాక్సైట్ అను ఊరిలో పిల్లల పండ్లు మచ్చలు పడుచుండెను. సాధారణమైన నీటి పరీక్షలలో కారణము దొరకలేదు. 1931లో ఒక అల్యూమినియము కంపెనీకి ప్రధాన రసాయనశాస్త్రజ్ఞుడైన చర్చిల్ ఆ నీటిని వర్ణపట పరీక్షకు పెట్టించెను. అంతవరకు ఎవరును వెదకని ఫ్లోరైడు అందు బయటపడెను. లీటరుకు 13.7 మిల్లీగ్రాములు! ఎలక్ట్రోడు ఈ పని చేయగలిగెడిది కాదు. ఎలక్ట్రోడు తాను ఏ పదార్థము కొరకు తయారైనదో దానిని గురించి మాత్రమే చెప్పును. కారణము తెలియని వ్యాధి వచ్చినచోట కాంతి మార్గమునే ముందుగా త్రొక్కవలెనని మా నిశ్చితాభిప్రాయము. సీసము, ఆర్సెనికు వంటి విషములను పెక్కింటిని ఒకేసారి చూడగోరు వారికిని అదియే త్రోవ.

మా పెద్దమనిషి సీసాల విషయము వేరు. ఏమి వెదకవలెనో మాకు తెలియును. అది ఎంత ఉన్నదో తెలియవలెను. దీనికి పరీక్షాశాలలలో వాడునది, వర్ణపట పద్ధతులలో మిక్కిలి సామాన్యమైన రంగు పద్ధతి. 1958లో బెల్లాక్, షౌబో అను ఇరువురు ప్రకటించిన విధానమిది. ఇందు జిర్కోనియమను లోహము స్పాడ్న్స్ అను ఎర్రని రంగుపదార్థముతో జతకూడి ఉండును. నీటిలోని ఫ్లోరైడు వచ్చి జిర్కోనియమును తనవైపు లాగికొనును. జత విడిపోగా ఎరుపు వెలిసిపోవును. ఫ్లోరైడు ఎంత ఎక్కువైన, రంగు అంత పలుచన. 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కాంతిని ఆ ద్రావణము గుండ పంపి, ద్రావణము ఎంత కాంతిని మ్రింగెనో స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిచినచో, ఫ్లోరైడు మొత్తము గీతపై కనబడును. ఆ గీత తిన్నని గీత. సగము ఫ్లోరైడునకు సగము తేడా. ఈ తిన్నదనము చాల విలువైనది. హద్దు దగ్గర చిన్న తేడాలను కూడ ఇది చక్కగా చూపును. మరియు ఆ యంత్రముతోనే ఇనుము, నైట్రేటు, ఫాస్ఫేటు వంటి వానిని కూడ కొలువవచ్చును. ఏ జిల్లా పరీక్షాశాలయందైనను ముందుగా కొనదగిన యంత్రమది.

దానికొక ఇబ్బంది కలదు. లీటరుకు 1.4 మిల్లీగ్రాములు దాటినచో గీత ముగియును. ఐదు, ఆరు మిల్లీగ్రాములు గల బోరు నీటిని స్వేదనజలము కలిపి పలుచ చేయవలెను. ఐదురెట్లు పలుచ చేసినచో, చేతి పొరపాటు కూడ ఐదురెట్లు పెరుగును.

ఇక విద్యున్మార్గము. 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అను శాస్త్రజ్ఞులు లాంథనము ఫ్లోరైడు స్ఫటికముతో ఒక ఎలక్ట్రోడును నిర్మించిరి. స్ఫటికములో యూరోపియమను మూలకమును లేశమాత్రము కలిపిరి. ఆ స్ఫటికము గుండ ఫ్లోరైడు అయాను తప్ప మరియొకటి ఇంచుమించుగా సాగదు. దానిని నీటిలో ముంచి, దానికి తోడుగా మరియొక ఎలక్ట్రోడునుంచి, రెంటి నడుమ విద్యుత్పీడనమును చూచినచో, ఫ్లోరైడు ఎంతయున్నదో తెలియును. నీరు కొంచెము కలకబారినను, రంగు పట్టినను దీనికి లెక్కలేదు. పదోవంతు మిల్లీగ్రామయినను, పది మిల్లీగ్రాములయినను పలుచ చేయనక్కరలేదు. అందువలన ఇది వచ్చినపుడు, ఇక రంగుల పని తీరినదని కొందరు అనుకొనిరి. మేమును కొంతకాలము అనుకొంటిమి.

అయితే ఆ విస్తారమునకు చెల్లించవలసిన మూల్యము ఒకటి కలదు. ఈ ఎలక్ట్రోడు తిన్నని గీతపై నడువదు. ఫ్లోరైడు పదిరెట్లు మారినపుడు, 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సుమారు 59 మిల్లీవోల్టుల తేడా మాత్రము వచ్చును. లెక్కవేసి చూచినచో, ఒక్క మిల్లీవోల్టు తప్పిపోయిన ఫ్లోరైడులో నూటికి నాలుగు పాళ్ల తప్పు వచ్చును. 1.5 హద్దు దగ్గర అది 0.06 మిల్లీగ్రాము. మీటరు ముల్లు కొంచెము కదలిన చాలును. మన వేసవిలో మరియొక చిక్కు. 35 డిగ్రీలకు ఆ 59 కాస్త 61కి పెరుగును. ప్రమాణ ద్రావణమును ఉదయము చల్లని వేళ కొలిచి, గ్రామపు నీటిని మధ్యాహ్నము కొలిచినచో ఆ తేడా అంతయు ఫ్లోరైడు లెక్కలోనికి చేరును. అందువలన రెండును ఒకే వేడిమిలో ఉండవలెను, దినమునకు ఒకసారి కాదు, పలుమారులు ప్రమాణముతో సరిచూడవలెను. తోడు ఎలక్ట్రోడులోని ద్రావణమును నింపుట మరచినచో అంకె కదలుచునే ఉండును. స్పెక్ట్రోఫోటోమీటరు ఒకనాడు చూడకున్నను ఓర్చుకొనును గాని ఎలక్ట్రోడు ఓర్చుకొనదు.

ఆనాడు మా వద్ద రెండు సాధనములును ఉండెను. సీసాలు గుంపుగా వచ్చినపుడు రంగు పద్ధతి త్వరగా సాగునని దానినే వాడుచుంటిమి. పెద్దమనిషి తెచ్చిన మొదటి సీసాను పరీక్షింపగా అందులోని ఫ్లోరైడు హద్దును బహుదూరము దాటియుండెను. అది మేము ఎదురుచూచినదే. రెండవ సీసాలోని నీటికి రంగు ద్రావణము కలిపి వెంటనే చదువగా అంకె హద్దుకు లోపల నిలిచెను. సంతోషించి, "ఈ రెండవ నీళ్లు తాగవచ్చును" అని చెప్పి పంపితిమి. ఆయన బస్సుకు ఇంకను వ్యవధి ఉన్నదని ఊరిలోనికి వెళ్లిరి.

భోజనము చేసి వచ్చి, కడుగుటకు పెట్టిన కుప్పెలను చూచితిమి. ప్రమాణ ద్రావణము రంగు ఉదయము ఎట్లున్నదో అట్లే ఉండెను. రెండవ సీసా నీరు గల కుప్పెలో మాత్రము ఎరుపు ఇంకను పలుచబడియుండెను. కంటికే తెలియునంత తేడా. మరల యంత్రములో పెట్టి చదువగా అంకె హద్దును దాటిపోయెను. నీరు అదే, ద్రావణము అదే. మధ్యలో గడచినది రెండు గంటలకు పైబడిన కాలము.

కారణము ఊహించుటకు ఎక్కువసేపు పట్టలేదు. పరిచారకుని బస్సుస్టాండుకు పరుగెత్తించితిమి. ఆయనను వెనుకకు పిలిపించి అడుగగా, రెండవ సీసాలోనిది కూడ ఆ బోరు నీరేననియు, ఇంటిలో బకెట్టులో పటిక, సున్నము కలిపి తేర్చి తెచ్చితిననియు చెప్పిరి. "మీరు అడగలేదుగా, అయ్యా" అనిరి. నిజమే. మేము అడుగలేదు.

పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడును తీసివేయు ఈ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించి, నల్గొండ పేరునే దానికి పెట్టెను. పటికలో ఉన్నది అల్యూమినియము. అది మడ్డిగా మారి ఫ్లోరైడును తనతో అడుగునకు తీసికొనిపోవును. సరిగా తేర్చని నీటిలో కొంత అల్యూమినియము మిగిలిపోవును. ఆ మిగిలిన అల్యూమినియము ఫ్లోరైడును గట్టిగా పట్టుకొని విడువదు. రంగు ద్రావణములోని జిర్కోనియమునకు ఫ్లోరైడు అందక, రంగు వెలియదు. యంత్రము "ఫ్లోరైడు తక్కువ" అని చెప్పును. కొంతసేపైన పిమ్మట జిర్కోనియము ఫ్లోరైడును మెల్లగా లాగికొనును, రంగు పలుచబడును. మేము రెండు గంటల పిమ్మట చూచినది అదే. వెంటనే చదివినచో లీటరుకు పదోవంతు మిల్లీగ్రాము అల్యూమినియము ఉన్నను చాలును, 1.0 ఉండవలసిన ఫ్లోరైడు 0.9గా కనబడును.

ఇందులో మాకు భయము కలిగించిన సంగతి తప్పు పరిమాణము కాదు, తప్పు దిక్కు. ఎక్కువ ఉన్నదని తప్పు చెప్పినచో ఒక కుటుంబము అనవసరముగా దూరమునుండి నీరు మోసికొనును. తక్కువ ఉన్నదని తప్పు చెప్పినచో అదే నీటిని సంవత్సరముల తరబడి నమ్మకముతో త్రాగును. అదియును, ఎవరు శ్రద్ధతో పటిక కలిపి నీటిని శుద్ధిచేసికొనుచున్నారో వారికే ఈ తప్పు ఎదురగును. వారికి మేము ఇచ్చిన కాగితమే వారిని మోసగించును.

ఆ సాయంకాలమే ఎలక్ట్రోడును బయటకు తీసితిమి. శ్రోతలు ఇచ్చట ఒక సంగతిని గమనింపవలెను. ఎలక్ట్రోడును ఆ నీటిలో ఊరక ముంచినచో అదియును తప్పే చెప్పును. అది విడిగా తిరుగు ఫ్లోరైడు అయానునే చూడగలదు. అల్యూమినియము చేతిలో చిక్కిన ఫ్లోరైడు దాని లెక్కలోనికి రాదు. నీటిలో ఆమ్లగుణము ఎక్కువైన ఫ్లోరైడు హైడ్రోజనుతో కలిసి దాగును. క్షారగుణము ఎక్కువైన, ఫ్లోరైడుతో ఇంచుమించు సమాన పరిమాణము గల హైడ్రాక్సిలు అయాను దానివలె నటించి, అంకెను పెంచును. అందువలన నీటిలో సమభాగముగా ఒక బఫరు ద్రావణమును కలుపుదురు. దానిని టిసాబ్ అని పిలుచుట వాడుక. అది పీహెచ్‌ను 5, 5.5 నడుమ నిలుపును. అందులోని సి.డి.టి.ఎ. అను పదార్థము అల్యూమినియమును తాను పట్టుకొని ఫ్లోరైడును విడిపించును. అప్పుడు లీటరుకు 3 మిల్లీగ్రాముల వరకు అల్యూమినియము ఉన్నను ఎలక్ట్రోడు లెక్క పెద్దగా చెడదు. బఫరు కలిపి కొంతసేపు ఆగి చదువగా, భోజనానంతరము రంగు చెప్పిన అంకెకంటె మరికొంచెము ఎక్కువే వచ్చెను. రెండు మార్గములును ఒకే మాట చెప్పుచున్నవి: హద్దు దాటినది.

కాబట్టి ఎంపిక ఎట్లు? బోరు నుండి నేరుగా వచ్చిన తేట నీరు అయినచో, సీసాలు ఎక్కువయినచో, రంగు పద్ధతి చాలును. అయితే సల్ఫేటు ఎక్కువగా గల నీటిలో అది తడబడును, బ్లీచింగు పౌడరు కలిసినచో క్లోరినును ముందుగా ఆర్సెనైటుతో తీసివేయవలెను. పటిక తగిలిన నీటికి ఎలక్ట్రోడు, బఫరు తప్పనిసరి. ఈ రెండును ఒకదానితో ఒకటి పొసగనిచోట, నీటిని గంధకికామ్లముతో కాచి, ఫ్లోరైడును ఆవిరిగా వేరుచేసి, ఆ స్వేదనమును కొలువవలెను. అది గంటపని, చేయువారికి విసుగు. వ్యాజ్యములకు పోవు నీళ్లకు మాత్రము అదే శరణ్యమని మా అనుభవము.

ఫ్లోరైడు ఒక్కదానికే సాధనము కొనవలసి, డబ్బు ఒక్కదానికే ఉన్నచో మేము ఎలక్ట్రోడునే కొందుము. మొత్తము నీటి పరీక్షాశాలను క్రొత్తగా పెట్టవలసినచో స్పెక్ట్రోఫోటోమీటరునే ముందు కొందుము. ఈ రెండు మాటలలో వైరుధ్యము లేదు. మీరు కొనుచున్నది యంత్రమా, ఒక ప్రశ్నకు జవాబా అను దానిపై అది ఆధారపడియున్నది. లోహముల విషయమున ఈ తర్కమే వేరు దారి పట్టును. 1955లో ఆస్ట్రేలియాలో వాల్ష్ ప్రకటించిన పరమాణు శోషణ పద్ధతితో సీసమును కొలువవచ్చును. 1922లో ప్రాగ్‌లో హేరోవ్స్కీ కనుగొన్న పోలరోగ్రఫీ సంతతికి చెందిన విద్యుత్పద్ధతులతోను కొలువవచ్చును. మొదటిదానికి మంటయో కొలిమియో, వాయువుల సిలిండర్లును కావలెను. రెండవది చిన్న పెట్టెలో ఇముడును, పొలమునకు తీసికొనిపోవచ్చును. ఆ విచారమును మరియొక ప్రసంగమునకు విడిచిపెట్టుదుము.

పెద్దమనిషితో మేము ఆ సాయంకాలము చెప్పినది ఇంతే: బోరు నీరు వద్దు, తేర్చిన నీరు కూడ ప్రస్తుతము వద్దు, పటిక పాలు మార్చి, మడ్డి పూర్తిగా దిగువరకు ఆగి, మరల సీసా పంపవలెను. ఆయన మా తప్పును గురించి ఒక్క మాటయు అనలేదు. సీసాను తిరిగి సంచిలో పెట్టుకొని, "ఈసారి పటిక సంగతి ముందే చెబుతా" అనిరి.

మరునాడు మా నమూనా కాగితములో ఒక వరుస చేర్చితిమి. ఊరు, తేదీ, బావి లోతు అను వాని క్రింద, "ఈ నీటిలో పటికగాని, సున్నముగాని, బ్లీచింగు పౌడరుగాని కలిపితిరా? కలిపిన ఎంత?" అని. నీరు పంపదలచిన శ్రోతలు గాజు సీసా కాక ప్లాస్టికు సీసా తీసికొని, అదే నీటితో మూడు మారులు తొలిచి నింపి, ఆ వరుసను తప్పక పూరించి పంప గోరుచున్నాము.